లాంచీ పలక

ముందు పాతది ఊడబీకాం.
పన్నెండు స్క్రూలు. నాలుగు తిన్నగా వచ్చాయి,
మిగతా ఎనిమిదీ తలలు రాలగొట్టుకున్నాయి.
ఈ గాలికి ఇనుము కూడా ఊరగాయే అంటాడు వీరాచారి,
చెవి మీద పెన్సిలు సర్దుకుంటూ.

డాష్‌బోర్డు వెనక చెయ్యి దూర్చి తీశాను:
కందిరీగల మట్టిగూడు ఒకటి,
ఎనభై ఆరు వరద వదిలిపోయిన ఒండ్రు పిడికెడు,
అందులో మడతపడి ఓ పంటు టికెట్టు.
సఖినేటిపల్లి రేవు. కారు ఒకటి, మనుషులు ముగ్గురు.
ఆ ముగ్గురూ ఎవరై ఉంటారని సూర్యావతి గారు అడగలేదు.
ఆరబెట్టమంది, అంతే.

కారు యాభై మూడు మోడల్ ప్లిమతు.
పైకప్పు ఆరంగుళాలు కోసి దించాం,
బానెట్టు కింద మెటడార్ డీజిల్ ఇంజను,
రంగు ఎరుపు, మామూలు ఎరుపు కాదు,
అప్పుడే రోట్లోంచి తీసిన పండుమిరప తొక్కు.
కొబ్బరిపీచు తాళ్ళు అమ్ముకునే మనిషికి
యాభై ఏడేళ్ళప్పుడు ఇదేం పిచ్చని
రాజోలు సెంటర్లో టీ తాగే ప్రతివాడూ అడిగాడు.
ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది:
"రోడ్డెలాగూ గోతులేగా దానేలూ,
కూచుంటే కళ్ళెదురుగా ఉండేదైనా బాగుండాలి."

ఆ బాగుండేది యానాంలో దొరికింది,
పాత ఇనుము కొట్టు వెనకాల,
కోళ్ళగూటికి తలుపై.
టేకు పలక. అయిదు గుండ్రటి మీటర్లు,
ఇత్తడని గుర్తుపట్టలేనంత మకిలి.
పాపికొండల దాకా తిరిగిన లాంచీదట.
తిరిగిందో లేదో పలకకే తెలియాలి.

పట్టలేదు.
ఎడమ పక్క నాలుగు వేళ్ళు ఎక్కువ.
బిస్కెట్ల అట్టపెట్టె చింపి కొలత తీశాం,
అట్ట సరిపోయింది, చెక్క సరిపోలేదు.
మళ్ళీ తీశాం.
కోస్తే గడియారం పోతుంది, కొయ్యకపోతే తలుపు పడదు.
రెండు రోజులు వీరాచారి ఏమీ కొయ్యకుండా
దాని ముందు చుట్ట కాలుస్తూ కూచున్నాడు.
మూడో రోజు గడియారం పెకలించి
స్టీరింగు కింద, ఎవరికీ కనపడని మూల బిగించాడు.
"టైము కావాలంటే వంగాలి. వంగనీ."

వైరింగు నాది.
నూనె ముల్లుకి కరెంటుతో పనిలేదు,
సన్నటి రాగి గొట్టంలో నూనే ఎక్కివచ్చి తోస్తుంది.
దీపాలతోనే పేచీ.
లాంచీవి ఇరవై నాలుగు వోల్టులు, మనవి పన్నెండు.
బల్బులు మార్చేద్దామనే అనుకున్నా,
ఊరికే ఓసారి వేసి చూశా.
సగం వెలుగు. అవతలి ఒడ్డున ఎవరో
లాంతరు ఒత్తి తగ్గించి కూచున్నట్టు.
మార్చలేదు.

వేగం ముల్లు మాత్రం లేదు.
ఎదురీదేదానికి మైళ్ళ లెక్కెందుకు?
"బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపితేనండీ?" అన్నాను.
"ఆయ్, నిదానంగానే వస్తన్నానండీ అంటా."
అది నమ్మించే రంగేనా!

నిన్న సాయంత్రం ట్రయలు.
చించినాడ వంతెన ఎక్కితే హాయి.
ఎక్కలేదు. రేవులోకి దించింది.
పంటు చెక్కలు టైర్ల కింద మూలిగాయి,
ఇంజను ఆపింది,
గడియారం తప్ప ముళ్ళన్నీ సున్నా మీద పడుకున్నాయి,
నరసాపురం మాత్రం దగ్గరికొస్తోంది.

నడి గోదాట్లో పలక కిర్రుమంది.
వీరాచారి ఉలిక్కిపడి స్క్రూలు తడిమాడు,
అన్నీ బిగుతుగానే ఉన్నాయి.
మళ్ళీ కిర్రుమంది.

పంటు కుర్రాడు వచ్చి టికెట్టు చింపాడు.
కారు ఒకటి, మనుషులు ముగ్గురు.
ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి
పలక వెనక సందులోకి తోసేసింది.
"వైర్ల మీద పడుద్దండీ" అన్నాను.
వినపడనట్టే ఉంది.